రాజా దీన్ దయాళ్ గారి చరిత్రము

ఊరూరు తిరిగి, చూచిన వింతలనెల్ల ఛాయాచిత్రములుగా తీయవలెనని కోరిక గల బాలబాలికలు మనలో పెక్కురు గలరు. అట్టివారికి మార్గదర్శకులుగా నుండదగిన యొక మహనీయుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. వీరు పూర్వపు నిజాము రాజ్యమున, అనగా మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు చేరియుండిన సీమయందే, ఆస్థాన ఛాయాచిత్రకారులై కీర్తి గాంచిరి.

దీన్ దయాళ్ గారు 1844వ సంవత్సరమున మీరటు సమీపమందలి సర్ధానాలో జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866లో ఇండోరు నగరమున మరామత్తు శాఖయందు అంచనాలు వేయుటకును, నక్షాలు గీయుటకును ఉద్యోగమున ప్రవేశించిరి. ఛాయాగ్రహణము వారి వృత్తి కాదు. 1874 ప్రాంతమున దానినొక వినోదముగా చేపట్టిరి.

ఆ కాలమున ఫోటో తీయుట నేటివలె సులభము కాదు. గాజుపలకకు కొలోడియన్ అను మందు పూసి, వెండి ద్రావకమున ముంచి, తడి యారక మునుపే చిత్రము తీసి, వెంటనే చీకటిలో కడుగవలెను. కావున బరువైన కెమెరా, ముక్కాలిపీట, పలకలు, మందుసీసాలు, చీకటి గుడారము, ఇవన్నియు ప్రయాణమున వెంట గొనిపోవలసియుండెను. పలక చెడినచో పడిన శ్రమ యంతయు వ్యర్థము. అందుచే ముందుగా బాగుగా చూచి, యోచించి, పిమ్మటనే పలకను వాడుట ఆనాటి చిత్రకారులకు తప్పనిసరి యయ్యెను. దీన్ దయాళ్ గారికి నక్షాలు గీసిన యభ్యాసము మిక్కిలి తోడ్పడెనని మేము తలంతుము. వారి చిత్రములందు గోడలు, స్తంభములు నిటారుగా నిలుచును. కట్టడమెంత యెత్తో తెలియునట్లు కొన్నిట నొక మనుష్యుడు దాని చెంత నిలిచియుండును.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ దొరగారు మధ్య హిందూస్థానమున పర్యటించుచు వీరిని వెంట గొనిపోయిరి. గ్వాలియరు కోట, ఖజురాహో దేవాలయములు మొదలగునవి అప్పుడు చిత్రింపబడెను. పిమ్మట వీరు రెండేండ్లు సెలవు పుచ్చుకొని దేశసంచారము చేసి చిత్రములు తీసిరి. ఇక తేల్చుకొనవలసిన సమయము వచ్చెను. ఒకవైపు నెలనెలకు వచ్చు స్థిరమైన జీతము. వేరొకవైపు ప్రజల యాదరణపైననే యాధారపడిన కళ. తమ చిత్రములను జనులు మెచ్చుట చూచి ధైర్యము వహించి, వీరు ఉపకారవేతనము పొంది కొలువు విడిచిరి.

ఆ సాహసము ఫలించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారు వీరిని ఆస్థానమున చేర్చుకొని, రాజా బిరుదమును, ముసవ్విర్ జంగ్ బిరుదమును ఒసగిరి. సికింద్రాబాదున వీరి చిత్రశాల వెలసెను. 1892లో ఘోషా స్త్రీలకై హైదరాబాదున వేరొక చిత్రశాలను తెరచి, దానిని ఒక దొరసానిగారి పాలనయందుంచిరి. 1897లో విక్టోరియా రాణిగారి గుర్తింపు లభించెను. రాజసభలను, వేటలను చిత్రించిన యీ కెమెరాయే 1900 ప్రాంతపు కరవులో కూటికై పాటుపడిన బీదలనుకూడ చూచెను. 1905లో వీరు స్వర్గస్థులైరి. వీరి గాజుపలకలు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరెను. 2006లో వీరి పేర తపాలాబిళ్ల వెలువడెను.

విద్యార్థులారా! నేడు చేతిలోని ఫోనుతో క్షణమున నూరు చిత్రములు తీయవచ్చును. అయినను చూచెడి కన్ను కొనుటకు దొరకదు. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలో రేచర్ల రెడ్లు కట్టించిన గుడులు గలవు; మిర్యాలగూడ దాపున వాడపల్లిలో కృష్ణా మూసీ సంగమము గలదు; కోదాడ ప్రాంతమున మేళ్ళచెరువు శివాలయము గలదు. ప్రాతఃకాలమున, ఎండ ఏటవాలుగా పడి శిల్పపు లోతులు తేటపడు వేళ అచ్చటికి పొండు. మొదట గుడి చుట్టును నడచి చూడుడు. ఒకే పలక మిగిలియున్నదని తలంచి, పిమ్మట ఒక్క చిత్రము తీయుడు. అట్లు తీసిన యొక చిత్రము తొందరలో తీసిన నూటికంటె మేలని మా నమ్మకము.