క్లాడ్ బూర్జెలా

క్లాడ్ బూర్జెలా (మార్చి 27, 1712 - జనవరి 3, 1779) ప్రముఖ ఫ్రెంచి అశ్వశాస్త్రవేత్త, పశువైద్య విద్యకు ఆద్యుడు. ఈయన లియాన్ నగరంలో జన్మించాడు. 1740లో అక్కడి గుర్రపుస్వారీ అకాడమీకి అధిపతి అయ్యాడు.

ఆ కాలంలో గుర్రాల వైద్యం ఎక్కువగా లాడాలు కొట్టే కమ్మరుల చేతిలోనే ఉండేది. వారిలో చాలామందికి శరీర నిర్మాణ శాస్త్రం తెలియదు. గిట్టను ఒకవైపు ఎక్కువగా చెక్కితే బరువు ఒకపక్కకే పడుతుంది. అప్పటికే బలహీనంగా ఉన్న వెనుకకాలి కీలు మరింత శ్రమకు లోనవుతుంది.

బూర్జెలా 1761లో రాజానుమతి పొంది, మరుసటి సంవత్సరం లియాన్‌లో ప్రపంచంలోనే మొదటి పశువైద్య పాఠశాలను ప్రారంభించాడు. తరువాత పారిస్ సమీపాన అల్ఫోర్‌లో మరొకటి స్థాపించాడు. పశువుల అంటువ్యాధుల చికిత్సతో పాటు కొలిమి పని కూడా అక్కడ పాఠ్యాంశంగా ఉండేది.

విద్యార్థుల కోసం 1771లో లాడాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. కాలి నిర్మాణాన్ని పరిశీలించి గిట్టను చెక్కడం, దానికి తగిన లాడం అమర్చడం ఇందులోని ముఖ్య విషయాలు. ఆ విధంగా కమ్మరి పని వైద్యశాస్త్రంలో భాగమైంది.