మూత తీస్తే కంప్యూటర్.. ఆస్‌బోర్న్ కథ

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడింది. కోడింగ్ ప్రాక్టీసుకి ఓ డెస్క్‌టాప్ కావాలని ఇంట్లో నాలుగు నెలలు బతిమాలి డబ్బులు సర్దించుకున్నారు. అసలు గొడవ ఇప్పుడు మొదలవుతుంది. అరచేతి మందాన ఉండే రెడీమేడ్ మినీ పీసీ కొనేయాలా? లేక సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ విడివిడిగా తెచ్చుకుని మీరే బిగించుకోవాలా? ఫ్రెండ్స్‌ని అడిగితే సగం మంది ఇటు, సగం మంది అటు.

ఈ గొడవ మీతో మొదలైంది కాదు. యాభై ఏళ్ల నాటిది. దీని మధ్యలో నిలబడి ఒకసారి బ్రహ్మాండంగా గెలిచి, రెండేళ్లకే అంత ఘోరంగానూ ఓడిపోయిన మనిషి ఆడమ్ ఆస్‌బోర్న్. డబ్బులు కట్టే ముందు ఆయన సంగతి ఓసారి వినండి.

ఆస్‌బోర్న్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టారు. నాన్న ఆర్థర్ బ్రిటిషర్, అక్కడి యూనివర్సిటీలో ఇంగ్లిష్ చెప్పేవారు. అమ్మది పోలండ్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం తండ్రిని నిర్బంధించింది. ఆ కాలంలో తల్లి పిల్లల్ని పెట్టుకుని తిరువణ్ణామలైలో, రమణ మహర్షి ఆశ్రమం దగ్గరే ఉన్నారు. విడుదలై వచ్చాక ఆర్థర్ మహర్షి మీద పుస్తకాలు రాశారు. ఆడమ్ బడి కొడైకెనాల్‌లో. పదకొండో ఏట ఇంగ్లండ్ వెళ్లిపోయారు.

మెకానికల్, కెమికల్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఆస్‌బోర్న్ చదివింది కెమికల్ ఇంజినీరింగే. 1961లో బర్మింగ్‌హామ్‌లో డిగ్రీ, తర్వాత అమెరికాలోని డెలావేర్‌లో పీహెచ్‌డీ, ఆ మీదట షెల్ కంపెనీలో ఉద్యోగం. అక్కడ ఇమడలేక బయటికొచ్చి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కంప్యూటర్ కంపెనీలకి మాన్యువల్స్ రాసిపెట్టే పని మొదలుపెట్టారు. బ్రాంచ్ మారడానికి ఆయన పట్టుకున్న దారి అదన్నమాట. ఎవరికీ అర్థంకాని విషయాన్ని అర్థమయ్యేలా రాయడం.

సరిగ్గా అప్పుడే, 1975 జనవరిలో, ఆల్టెయిర్ 8800 వచ్చింది. అదో కిట్. పార్సిల్ విప్పితే బోర్డులు, చిప్‌లు, వైర్లు. సోల్డరింగ్ మీరే చేసుకోవాలి. అంతా అయ్యాక కూడా కీబోర్డు లేదు, తెర లేదు. ముందువైపు స్విచ్‌లు పైకీ కిందకీ నొక్కి ప్రోగ్రామ్ ఎక్కిస్తే లైట్లు వెలిగి జవాబు చెప్పేవి. మెమరీ 256 బైట్లు. ఈ వ్యాసంలో ఒక్క పేరా కూడా అందులో పట్టదు! అయినా కుర్రాళ్లు ఎగబడ్డారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అలాంటి వాళ్లందరి అడ్డా. మైక్రోకంప్యూటర్ల మీద తాను రాసిన పుస్తకాన్ని పబ్లిషర్ వద్దంటే, ఆస్‌బోర్న్ సొంతంగా అచ్చు వేయించి, ఆ క్లబ్ మీటింగులకి పట్టుకెళ్లి అమ్మారు. విపరీతంగా పోయింది. 1979లో ఆ ప్రచురణ సంస్థనే మెక్‌గ్రా-హిల్ కొనేసింది.

పత్రికల్లో కాలమ్ రాస్తూ ఆయన కంపెనీల్ని గట్టిగానే ఏకిపారేసేవారు. ఆ రోజుల్లో కంప్యూటర్ కొనడమంటే డబ్బా ఒకచోట, డిస్క్ డ్రైవ్ ఇంకోచోట, మానిటర్ మరోచోట. సాఫ్ట్‌వేర్ ఖర్చు వేరే. అన్నీ కొన్నాక ఒకదానితో ఒకటి మాట్లాడతాయన్న గ్యారంటీ లేదు. లెక్కలు రాసుకునే చిన్న వ్యాపారికి ఇదంతా ఎందుకు? అందుకే ఆస్‌బోర్న్ సొంత కంపెనీ పెట్టారు. డిజైన్ బాధ్యత ఎవరికిచ్చారో తెలుసా? హోమ్‌బ్రూ క్లబ్ మీటింగులు నడిపిన లీ ఫెల్సెన్‌స్టీన్‌కి. చేత్తో బిగించుకునే వాళ్ల పెద్దతోనే రెడీమేడ్ చేయించారు.

1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయటపెట్టిన ఆస్‌బోర్న్ 1 కుట్టుమిషన్ పెట్టెలా ఉండేది. బరువు 11 కిలోలు. విమానం సీటు కింద పట్టేది. మూత తీస్తే అదే కీబోర్డు. రెండు ఫ్లాపీ డ్రైవ్‌లు, మధ్యలో 5 అంగుళాల తెర. జెడ్-80 ప్రాసెసర్, 64 కేబీ మెమరీ. ధర 1,795 డాలర్లు. అసలు దెబ్బ అక్కడ కాదు. వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్, రెండు రకాల బేసిక్.. అన్నీ పెట్టెలోనే వచ్చేవి. విడిగా కొంటే వాటికే 1,500 డాలర్ల దాకా అయ్యేది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ ఎంత తక్కువ మోడల్ తీసుకున్నా 1,565 డాలర్లు. అందులో ఉన్నది 16 కేబీ మెమరీ. డిస్క్ డ్రైవ్ లేదు, మానిటర్ లేదు. మీరే లెక్కేసుకోండి. ఒక దశలో ఆస్‌బోర్న్‌లు నెలకి పది వేలు అమ్ముడయ్యాయి.

విడిభాగాలే చవక అని గుడ్డిగా నమ్మేవాళ్లకి నేను చెప్పేది ఇదే. మొత్తం బిల్లు వేయండి. కేబినెట్, పవర్ సప్లై, విండోస్ లైసెన్స్, వైఫై.. అన్నీ. సెకండియర్‌లో నా మొదటి పీసీ బిగించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారమంతా ప్రాసెసర్‌కి వెళ్లే పవర్ కేబుల్ పెట్టడం మర్చిపోయి, బోర్డు కాలిపోయిందనుకుని ఏడుపు మొహం వేసుకుని కూర్చున్నా. నేర్చుకున్నాను, నిజమే. కానీ వారంలో ఇంటర్వ్యూ ఉన్నవాడికి ఆ ఆదివారం చాలా ఖరీదు.

ఇక రెండోవైపు చూడండి. ఆస్‌బోర్న్ తెర మీద వరుసకి 52 అక్షరాలే పట్టేవి. మిగతా లైను చూడాలంటే పక్కకి జరుపుకోవాల్సిందే. 1982లో కేప్రో అనే కంపెనీ అదే ధరకి 9 అంగుళాల తెర, వరుసకి 80 అక్షరాలు ఇచ్చింది. ఆ వెనకే ఐబీఎం సాఫ్ట్‌వేర్ నడిపే కాంపాక్ పోర్టబుల్ దిగింది. ఈలోగా ఆస్‌బోర్న్ తమ కొత్త మోడల్ ఎగ్జిక్యూటివ్ గురించి ముందే చెప్పేశారు. కొత్తది వస్తుంటే పాతది ఎందుకని డీలర్లు ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. 1983 సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. నోరు జారి మునిగిన కంపెనీ కథగా ఎంబీఏ క్లాసుల్లో దీన్ని ఆస్‌బోర్న్ ఎఫెక్ట్ అని చెబుతారు. నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది. కేప్రో అప్పటికే కొట్టేసింది. లోపల లెక్కాపత్రం సరిగ్గా లేకపోవడం మిగతా పని పూర్తిచేసింది.

పెట్టె కొన్నవాళ్ల సంగతేంటి? వాళ్ల జెడ్-80కి ఐబీఎం ప్రోగ్రాములు ఎక్కవు. ఆల్టెయిర్ బాపతు డబ్బాలు బిగించుకున్నవాళ్లు మాత్రం పాత ప్రాసెసర్ కార్డు పీకి 8086 కార్డు పెట్టుకోగలిగారు. ఎంఎస్-డాస్‌కి మూలమైన సాఫ్ట్‌వేర్ పుట్టింది కూడా అలాంటి కార్డు మీదే. కాబట్టి మినీ పీసీ వైపు మొగ్గితే షాపులో రెండు ప్రశ్నలు అడగండి. ర్యామ్ స్లాటులో ఉందా, బోర్డుకే అతికించేశారా? ఎస్‌ఎస్‌డీకి రెండో స్లాట్ ఉందా? వెబ్, జావా, పైథాన్ ప్రాక్టీసుకి అది చాలు. మెషీన్ లెర్నింగ్‌కో గేమ్ డెవలప్‌మెంట్‌కో గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవాలనుంటే దాన్ని మర్చిపోండి. పెద్ద కేబినెట్‌కే వెళ్లండి.

దివాలా తర్వాత ఆస్‌బోర్న్ చవక సాఫ్ట్‌వేర్ అమ్మే పేపర్‌బ్యాక్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. స్ప్రెడ్‌షీట్ వంద డాలర్ల లోపే. తమ 1-2-3ని కాపీ కొట్టారని 1987లో లోటస్ కేసు వేసింది. 1990లో కోర్టు తీర్పు ఆయనకి వ్యతిరేకంగా వచ్చింది. ఆ తర్వాత మెదడు జబ్బు, వరుసగా చిన్న చిన్న స్ట్రోకులు. 1992లో ఇండియాకి, తన సోదరి దగ్గరికి వచ్చేశారు. 2003 మార్చి 18న, 64వ ఏట, చిన్నప్పుడు బడికెళ్లిన కొడైకెనాల్‌లోనే నిద్రలో కన్నుమూశారు.