గుడారము నుండి తామర స్తంభముల వరకు

శతవార్షికోత్సవములు జరుపుకొనుచున్న ఈ సమయమున ప్రాచీన ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలములను గూర్చి ఒక వ్యాసము వ్రాయుదమని మేము తలపెట్టితిమి. తీరా వ్రాయ కూర్చున్నప్పుడు బెసలేలు గాని, సొలొమోను గాని కాక, దోర్నకల్ మొదటి బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు మా కన్నులయెదుట నిలిచిరి. దానికి కారణము లేకపోలేదు.

కొన్నేండ్ల క్రిందట మా మండపేట సంఘములో ప్రభు భోజనపు బల్ల క్రొత్తది చేయించు పని పడినది. వడ్రంగి మంచి పనివాడు. బల్ల ముందు పలకమీద సిలువను, దాని క్రింద విప్పారిన తామరపువ్వును కాగితముపై గీసి చూపెను. కమిటీలో సగము మందికి అది రుచింపలేదు. తామర గుడిలోని పువ్వు, మన బల్లకు తగదనిరి. వేదాంత కళాశాలలో పాత నిబంధన చదివి వచ్చిన మేము అప్పుడే జవాబు చెప్పవలసినది. చెప్పలేకపోతిమి. పలక సాదాగా ఉండిపోయినది. మరుసటి వేసవిలో యౌవనస్థులను వెంటబెట్టుకొని ద్వారపూడిలో రైలెక్కి, బెజవాడలో మారి దోర్నకల్ చేరితిమి. మాకు దొరకని జవాబు అక్కడి రాతి స్తంభములమీద చెక్కబడి యుండెను.

అజరయ్య గారు మన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై అను పల్లెలో ఒక గురువుగారి యింట జన్మించిరి. తల్లి చాలకాలము ప్రార్థించి కనిన కుమారుడు గనుక సమూయేలను పేరు పెట్టిరి. షిలోహులో దేవుని మందసము ఉన్న చోట, దీపము ఇంకను ఆరిపోక ముందు పండుకొనిన బాలుని పేరది. వీరి కుటుంబము నాడార్ సమాజమునకు చెందినది. ఆ దినములలో దక్షిణాదిని అనేక దేవాలయములలో ఆ సమాజము వారికి ప్రవేశము లేదు. రామనాథపురము సీమలోని కముది గుడిలో వారు అడుగు పెట్టిరని 1897లో మొదలైన వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలు దాక పోయి, 1908లో వారికి వ్యతిరేకముగానే ముగిసెను. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

ఆయన మొదట వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతట తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. 1903లో తిరునెల్వేలి విశ్వాసులు తమ సొంత కానుకలతో నడుపుకొను మిషను సంఘమును స్థాపించుటలో ముందు నిలిచిరి. ఆ సంఘము నైజాము రాష్ట్రములోని దోర్నకల్ ప్రాంతమును తన పొలముగా ఎన్నుకొనెను. ఇతరులను పంపి తాను ఇంట కూర్చుండుట న్యాయము కాదని తోచి, 1909లో అభిషేకము పొంది తామే అక్కడికి వచ్చిరి. ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు అక్షరములు దిద్దుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రలులో బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

దోర్నకల్‌లో మొదట ఆయన నివాసము గుడారము. చుట్టును అడవి. పర్యటనలు ఎడ్లబండిమీద, సైకిలుమీద. ఇది చదివినప్పుడెల్ల మాకు ప్రత్యక్షపు గుడారము తలపునకు వచ్చును. ఆ గుడారము దేనితో చేయబడెను? తుమ్మకర్ర, మేకవెండ్రుకలు, పొట్టేళ్ల తోళ్లు. మన చేలగట్ల తుమ్మయే కాకపోయినను ఆ జాతి చెట్టే. అరణ్యములో దొరకునదే దేవుని మందసమునకు పనికివచ్చినది. ఆవరణములో ఇత్తడి, పలకల క్రింద వెండి దిమ్మలు, లోపల బంగారము. లోనికి పోవు కొలది లోహము విలువ పెరుగుచుండును. చదువురాని వాడు కూడ కంటితో చూచి, తాను ఎంతటి సన్నిధికి చేరువగుచున్నాడో తెలిసికొనగలడు. చిహ్నముల పని అదియే. అందుచేత చూచువానికి తెలియని వస్తువు చిహ్నము కానేరదు.

అజరయ్య గారు ఈ మర్మమును బాగుగా ఎరిగినవారు. ఆయన మేపిన మంద పల్లెలలోని మాల మాదిగ పేటలది. చదువు వచ్చినవారు బహు కొద్ది. ఆయన కాలములోనే ఆ డయోసిసు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను. కృష్ణా, గోదావరి తీరములలోని పాత సి.ఎం.ఎస్. సంఘములును దానిలో చేరెను. ఆ పల్లెలలో స్త్రీలు వంటకు బియ్యము పోసికొనునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేయు అలవాటును ఆయన ఎంతో ప్రోత్సహించిరి. మందసమునొద్ద మన్నా పాత్ర యుండెనని మనము బోధించుచున్నాము గదా! వరి పండించు ఈ డెల్టాలో పిడికెడు బియ్యపు కుండను మించిన మన్నా పాత్ర మాకు కనబడలేదు. దానిని చూచిన అవ్వకు ప్రసంగము అక్కరలేదు.

ఇక కతీడ్రలు సంగతి. డబ్బు చాలక పని ఆగుచు సాగుచు అనేక సంవత్సరములు జరిగినది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. ఇంగ్లండు పల్లె దేవాలయమునకు నకలు కట్టింపవచ్చును. మన దేశములో ఎన్నో అట్లే కట్టబడినవి, మేమును అట్టి వాటిలోనే ఆరాధించుచు పెరిగితిమి. అజరయ్య గారు ఆ దారి పట్టలేదు. దక్షిణదేశపు మండప స్తంభములను, నైజాము నేలకు పరిచితమైన గుమ్మటములను ఒక్కచోట చేర్చిరి. స్తంభములకు అరటిపువ్వు. సిలువతో తామర. గెల వేసిన అరటిచెట్టు చచ్చును, దాని మొదట పిలకలు లేచును. రావులపాలెము అరటితోటల వారికి ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు. బురదలో పుట్టియు బురద అంటని తామర సంగతియు అంతే.

ఇది అన్యమతముల అనుకరణ అన్నవారు ఆనాడును ఉండిరి. మా కమిటీలోను ఉన్నారు. వారి భయమును మేము తేలికగా తీసివేయము. విగ్రహములను విడిచి వచ్చిన తాతల బిడ్డలకు ఆ జాగ్రత్త సహజమే. అయితే సొలొమోను మందిరమును చూడుడు. దానికి కంచుపని చేసిన హీరాము తండ్రి తూరు పట్టణస్థుడు, తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు. గోడలమీద ఖర్జూరపు చెట్లు, విరిసిన పువ్వులు. యాకీను, బోయజు అను స్తంభముల తలలమీద దానిమ్మపండ్లు, వాటిపైన పువ్వు పని. ఆ పువ్వు ఐగుప్తు శిల్పములలో కనబడు తామరయేయని పండితులనేకులు తలచుచున్నారు. సిరియాలో ఐన్ దారా అనుచోట 1980 తరువాతి త్రవ్వకములలో బయటపడిన గుడియు మంటపము, పరిశుద్ధ స్థలము, లోపలి గది అను ఇంచుమించు అదే మూడంతస్తుల క్రమములో ఉన్నది. అనగా ఇశ్రాయేలు తన ఇరుగుపొరుగు జనులకు తెలిసిన ఆకారమునే తీసికొనెను. తేడా అతిపరిశుద్ధ స్థలములో ఉన్నది. పొరుగువారి గుడులలో విగ్రహము నిలుచుచోట ఇశ్రాయేలునకు ఆజ్ఞల పలకలు గల మందసము, దానిపై కెరూబుల రెక్కల నడుమ రిక్త స్థలము. పువ్వు ఎవరిదని కాదు, లోపల ఎవరున్నారని అడుగవలెను.

మరియొక సంగతి. హేరోదు కట్టించిన మందిరములో అన్యజనుల ఆవరణము దాటరాదని ఒక రాతి అడ్డుగోడ యుండెను. దాటినవాని చావునకు వాడే బాధ్యుడని గ్రీకు భాషలో చెక్కిన పలక ఒకటి 1871లో యెరూషలేములో దొరికినది. అట్టి అడ్డుగోడలు అజరయ్య గారి సమాజము స్వానుభవమున ఎరిగినవే. తనవారిని గడప బయట నిలిపిన స్తంభముల వంటి స్తంభములనే ఆయన కోరి చెక్కించి, వాటి నడుమ మాలలను మాదిగలను ఒకే చాపమీద కూర్చుండబెట్టిరి. ఆ ఇరువురి మధ్య భేదము సంఘములో ఉండరాదని జీవితాంతము పోరాడిరి. ఆ పోరాటము పూర్తిగా గెలిచిరని చెప్పుటకు మాకు నోరు రాదు. మన సమాధుల తోటలే దానికి సాక్ష్యము.

ఆ కతీడ్రలునకు జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ పేరు పెట్టిరి. మన తెలుగులో అది ప్రత్యక్షత పండుగ. మోషే నిలిపినది ప్రత్యక్షపు గుడారము. తూర్పు దేశపు జ్ఞానులు తమ దేశపు బంగారము, సాంబ్రాణి, బోళములే తెచ్చిరి గాని యూదయలో కొని తేలేదు.

ప్రతిష్ఠ తరువాత ఆయన ఆరేండ్లు మాత్రమే జీవించిరి. దక్షిణ ఇండియా సంఘైక్యమునకై ఎంతో శ్రమించియు, 1947లో అది నెరవేరుట చూడలేదు. 1945 జనవరి 1న, ప్రత్యక్షత పండుగ అయిదు దినములున్నదనగా, దోర్నకల్‌లోనే కన్నుమూసిరి.

మేము వెళ్లిన దినమున మా యౌవనస్థులలో ఒకడు స్తంభముమీది పువ్వును చేతితో తడిమి, ఇది మా పెరటి అరటిపువ్వేనండీ అని నవ్వెను. మా బల్ల పలక ఇంకను సాదాగానే యున్నది. వడ్రంగి గీసిన కాగితము మా బైబిలులో రాజుల గ్రంథము దగ్గర మడిచి పెట్టియున్నాము. వచ్చు కమిటీ కూడికకు దానిని మరల తీసికొని పోయెదము.