పేరు రాయలేకపోయిన పేషెంట్.. జబ్బుకే పేరైన డాక్టర్! అల్జీమర్ కథ తెలుసా?

అల్జీమర్స్.. ఈ మాట వినగానే మతిమరుపు గుర్తొస్తుంది. కానీ అది ఓ మనిషి ఇంటిపేరని చాలామందికి తెలీదు. ఆయనే జర్మనీ డాక్టర్ అలోయిస్ అల్జీమర్. ఈ జబ్బుకు జన్యు చికిత్స కోసం ఇవాళ జరుగుతున్న ప్రయత్నాల కథ మొదలైంది ఆయన రాసిపెట్టిన ఓ కేస్ ఫైల్‌తోనే.

అల్జీమర్ 1864 జూన్ 14న బవేరియాలోని మార్క్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. వైద్యం చదివి 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేరారు. అక్కడే ఫ్రాంజ్ నిసిల్ అనే మరో డాక్టర్‌తో స్నేహం కుదిరింది. పగలంతా పేషెంట్లతో గడపడం, రాత్రిళ్లు మెదడు ముక్కలకు రంగులద్ది మైక్రోస్కోప్‌లో చూడడం.. ఇదే ఇద్దరి పని.

1901లో ఆయన భార్య సిసిలీ చనిపోయారు. ముగ్గురు చిన్నపిల్లలు. ఆ దుఃఖంలో ఆయన ఇంకా ఎక్కువగా పనిలో మునిగిపోయారు. అదే ఏడాది నవంబర్ 25న ఆస్పత్రికి అగస్టే డేటర్ అనే మహిళ వచ్చింది. వయసు 51 ఏళ్లే. భర్తను అకారణంగా అనుమానించేది, సామాన్లు ఎక్కడో దాచి మర్చిపోయేది, వంట కూడా చేయలేకపోయేది.

అల్జీమర్ ఆమె ఎదురుగా కూర్చుని చిన్న చిన్న ప్రశ్నలు అడిగారు. భర్త పేరు అడిగితే ఆమె తన పేరే చెప్పింది. కాలీఫ్లవర్ తింటూ అది పాలకూర అంది. పేరు రాయమంటే సగంలోనే ఆగిపోయింది, మిగతాది గుర్తురాలేదు. అప్పట్లో ఇలాంటి వాళ్లను పిచ్చి అనో, ముసలితనం అనో పక్కన పెట్టేసేవారు. అల్జీమర్ మాత్రం ఆమె చెప్పిన ప్రతి జవాబూ రాసుకున్నారు.

తర్వాత ఆయన ఎమిల్ క్రేపెలిన్ అనే పెద్ద డాక్టర్ దగ్గర పనిచేయడానికి మ్యూనిక్ వెళ్లిపోయారు. అక్కడ మొదట్లో జీతం కూడా లేదు. అయినా ఆ పేషెంట్‌ను మర్చిపోలేదు. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయాక మెదడును, ఫైల్‌ను మ్యూనిక్ తెప్పించుకున్నారు. మైక్రోస్కోప్‌లో చూస్తే.. మెదడు పైపొర పలచబడింది. నాడీకణాల బయట గడ్డల్లాంటి మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాల్లాంటి పోగులు!

అదే ఏడాది నవంబర్ 3న ట్యూబింగెన్‌లో డాక్టర్ల సదస్సులో ఆయన ఈ విషయం చెప్పారు. ఒక్కరంటే ఒక్కరు ప్రశ్న అడగలేదు. నాలుగేళ్ల తర్వాత, 1910లో క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. 1912లో బ్రెస్లౌలో ప్రొఫెసర్ పదవి వచ్చింది. కానీ అక్కడికి వెళ్తూ రైల్లోనే జబ్బుపడ్డారు. ఆ తర్వాత పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబర్ 19న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51. అగస్టే ఆస్పత్రికి వచ్చిన వయసే!

మరి జన్యువులకు దీంతో లింకేంటి? 1995లో అల్జీమర్స్‌ను చిన్న వయసులోనే తెచ్చిపెట్టే ప్రెసెనిలిన్-1 అనే జన్యువును సైంటిస్టులు గుర్తించారు. విచిత్రంగా అదే ఏడాది అగస్టే ఫైల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయటపడింది. తర్వాత మ్యూనిక్‌లో గాజు స్లైడ్లూ దొరికాయి. వాటి నుంచి డీఎన్ఏ తీసి, ఆమెకు ఆ జన్యువులోనే లోపం ఉందని 2013లో ఓ బృందం చెప్పింది. మరుసటి ఏడాది ఇంకో బృందం పరీక్షిస్తే ఆ లోపం కనపడలేదు. ఆ వాదన అలాగే మిగిలిపోయింది.

ఈలోగా చికిత్స ప్రయోగాలు మొదలయ్యాయి. 2001లో అమెరికాలోని శాండియాగోలో, పేషెంట్ చర్మకణాల్లోకి నాడీకణాలను కాపాడే జన్యువును ఎక్కించి, ఆ కణాలను మెదడులో పెట్టారు. తర్వాత వైరస్ ద్వారా అదే జన్యువును 49 మందితో చేసిన ట్రయల్‌లో పరీక్షించారు. ఫలితం రాలేదు. చనిపోయిన వాళ్ల మెదళ్లను పరిశీలిస్తే, మందు చేరాల్సిన చోటికి సరిగ్గా చేరలేదని తేలింది. ఇప్పుడు మరో దారి పట్టారు. ముప్పు పెంచే అపోఈ-4 జన్యువు ఉన్నవాళ్లకు, ముప్పు తగ్గించే అపోఈ-2ను అందించే ప్రయోగం. ఇదింకా తొలి దశలోనే ఉంది. అల్జీమర్స్‌కు ఇప్పటిదాకా ఏ జన్యు చికిత్సకూ ఆమోదం రాలేదు. ఎవరైనా ఉందని డబ్బులడిగితే నమ్మొద్దు.

మందు వచ్చేదాకా మన చేతుల్లో ఉన్నది మాత్రం అల్జీమర్ చేసిన పనే. ఇంట్లో అమ్మో, నాన్నో అడిగిందే మళ్లీ అడుగుతుంటే, పెద్దవయసు కదా అని వదిలేయకండి. పక్కన కూర్చోండి.. ఏం మర్చిపోతున్నారో రాసుకోండి.. ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి.