బెల్హెల్వీ పాదిరి

స్కాట్లండులోని ఆబర్డీన్ సీమలో, ఉత్తర సముద్రపు ఒడ్డున, బెల్హెల్వీ అనే చిన్న ఊరు ఉన్నది. అలెగ్జాండర్ జాన్ ఫార్సిత్ 1768లో అక్కడ జన్మించినాడు. తండ్రి ఆ ఊరి పాదిరి. 1791లో ఆ పదవి కుమారునికి సంక్రమించినది. ఆదివారం ప్రసంగం, తక్కిన దినాలలో రసాయన ప్రయోగాలు, నీటిపక్షుల వేట — ఇదీ ఆయన జీవితం.

నాటివి చెకుముకి తుపాకులు. మీట నొక్కగానే సుత్తిలో బిగించిన రాయి ఉక్కుపలకను గీరి నిప్పురవ్వలు రాల్చేది. రవ్వలు పళ్లెంలోని రంజకానికి అంటుకొని, ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోని మందును చేరిన పిమ్మటగాని గుండు వెలువడదు. పనివారు కమానులను సవరించి, పళ్లెంలో వాననీరు నిలువకుండా చేసి, ఎన్నో మెరుగులు దిద్దినారు. రంజకపు మెరుపును మాత్రం ఎవరూ దాచలేకపోయినారు. అది కంటబడిన క్షణంలోనే పక్షి నీట మునిగేది. గుండు చేరేసరికి అక్కడ అలలే మిగిలేవి. ఒక వేటగాని విసుగు తుపాకి చరిత్రనే మార్చినదంటే వింతగానే ఉంటుంది.

దెబ్బ తగిలితే చాలు పేలిపోయే ఫల్మినేటు లవణాలను రసాయన శాస్త్రజ్ఞులు అప్పటికే ఎరుగుదురు. మందుకు బదులుగా వాటిని గొట్టంలో దట్టిస్తే తుపాకే పగులుతుంది. ఫార్సిత్ వివేకమంతా ఇక్కడే ఉన్నది: గుండును తోయటానికి కాక, లోపలి మందుకు నిప్పు అందించటానికే అట్టి పదార్థాన్ని పిసరంత వాడినాడు. 1805 నాటికి, రాయినీ పళ్లేన్నీ తొలగించి, వాటి చోట అత్తరుబుడ్డిని పోలిన చిన్న యంత్రాన్ని అమర్చినాడు. బుడ్డిని తిప్పితే రవంత పొడి రాలుతుంది. సుత్తి దెబ్బకు అది పేలి, నిప్పు తిన్నగా లోనికి పోతుంది. పక్షిని బెదరించే మెరుపు లేదు, జాప్యం లేదు.

1806లో ఆయన లండన్ చేరినాడు. ఆయుధశాఖాధిపతి లార్డ్ మోయిరా టవరు కోటలో ప్రయోగాలకు వసతి కల్పించినాడు. మరుసటి ఏటనే మోయిరా పదవి పోయి లార్డ్ చాతమ్ వచ్చినాడు. సామానంతా ఎత్తుకొని వెళ్లమని పాదిరికి ఆజ్ఞ అయినది! ఆ ఏడే ఫార్సిత్ పేటెంటు పొందినాడు. పికడిల్లీ వీథిలో ఆయన పేర దుకాణం వెలసినది. పేరుమోసిన తుపాకి తయారీదారు జోసెఫ్ మాంటన్ పైన వ్యాజ్యం వేసి గెలిచినాడు కూడ. సైన్యం మాత్రం 1815లో వాటర్లూలోనూ రాతినే నమ్ముకొన్నది.

1834లో వుల్విచ్‌లో పరీక్ష జరిగినది. ఒక్కొక్క రకాన్ని 6000 సార్లు పేల్చి చూడగా, చెకుముకి తుపాకి 900కు పైగా సార్లు మొరాయించినది. కొత్త పద్ధతిది 36 సార్లే. పిదప పాత తుపాకులకు సైతం పళ్లెం ఊడదీసి, రాగిటోపీ తొడిగే ముక్కు బిగించినారు. ఆ టోపీ ఇతరుల చేర్పు, మూలసూత్రం ఫార్సిత్‌దే.

1842లో ప్రభుత్వం ఆయనకు 200 పౌన్లు మంజూరు చేసినది. 1843 జూన్ 11న, ఇంకా బెల్హెల్వీ పాదిరిగానే ఉండి, ఆయన కన్నుమూసినాడు. తరువాత మరి వెయ్యి పౌన్లు బంధువులకు ముట్టినవి.