రామలింగారెడ్డిగారి జీవితమును, మెట్టసీమ బిడ్డల చదువును

ఇంటర్మీడియెటు పరీక్షాఫలితములు వెలువడిన నాటినుండి కళాశాలల ప్రవేశములు ముగియువఱకు పొదిలి ప్రాంతమున ప్రతి యింటను ఒకే చర్చ. బిడ్డను దేనిలో చేర్పవలెను? మిరపయు, ప్రత్తియు, పొగాకును, కందియు పండించుకొనుచు, వానకై ఆకసమువంక చూచు మెట్టరైతు ఇంట కొడుకు గాని కూతురు గాని చరిత్ర చదివెదననియో, తెలుగు చదివెదననియో, తత్త్వశాస్త్రము చదివెదననియో అన్నచో ఇంటిల్లిపాదియు ఉలికిపడుదురు. ఆ చదువు కూడు పెట్టునా యని తండ్రి యడుగును. ఇంజనీరింగులో సీటు రానివారికి గదా అవి యని చుట్టములందురు. తుదకు నెట్ సెంటరులో కూర్చుండి ఆప్షన్లు పెట్టునప్పుడు ఆర్ట్సు కోర్సు పట్టికలో అట్టడుగున చేరును. పైవన్నియు తప్పిపోయిననాడు అదియే గతియగును.

ఈ భయమును మేము తేలికగా చూచువారము కాము. అప్పు తెచ్చి విత్తనము చల్లినవానికి పంట లెక్క తప్పదు. చదువును గూర్చియు అతడట్లే లెక్కవేసికొనుట సహజము. కాని లెక్క సరిగా వేయవలెనన్నచో, ఆ చదువు ఎట్టి మనుష్యుని తయారుచేయగలదో ఒక్క నిదర్శనమైనను చూడవలెను గదా! అందులకై ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారి జీవితమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో కర్షకకుటుంబమున జన్మించిరి. ఆ సీమయు పొదిలివలెనే పెద్దనదిని నమ్ముకొన్నది కాదు. వానను, చెఱువును నమ్ముకొన్నది. చిత్తూరులో చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవకళాశాలలో చేరిరి. ఇంగ్లీషు చదివిన యువకునకు సర్కారు కొలువే పరమావధియని లోకము తలంచు కాలమది. అట్టి కాలమున, 1899లో, ఇంకను విద్యార్థిగా నుండగనే ఆయన ముసలమ్మ మరణము అను కావ్యమును తెలుగున రచించిరి.

ఆ కావ్యమునకు వస్తువేదియో గమనింపదగియున్నది. అనంతపురము సమీపమున బుక్కరాయసముద్రము చెఱువునకు గండి పడనుండగా, ఊరిని కాపాడుటకై ఒక రెడ్డి యింటి కోడలు తన్ను తాను బలిగా నర్పించుకొన్నదని జనులు చెప్పుకొను గాథ అది. అంతవఱకు మన కావ్యములలో నాయికానాయకులు ప్రాయికముగా రాజులును, దేవతలును, గంధర్వులును. పల్లెటూరి కాపుటింటి కోడలు, చెఱువుకట్ట, ఊరి జనుల ఆక్రందనము — ఇవి కావ్యగౌరవమునకు తగునా యని పండితులు సందేహించు నాళ్లలో, ఇరువది యేండ్లైనను నిండని విద్యార్థి తగునని నిరూపించెను. కళాశాలలో చదివిన ఆంగ్లసాహిత్యము ఆయనను తన సీమకు పరాయివానిని చేయలేదు. చిన్ననాటినుండి చూచిన చెఱువుకట్టనే క్రొత్తకన్నులతో చూడ నేర్పినది. సాహిత్యవిద్య యొక్క ప్రథమప్రయోజనమిదియే యని మా తలంపు.

1902లో ప్రభుత్వ విద్యార్థివేతనము లభింపగా ఆయన ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్సు కళాశాలయందు చరిత్ర నభ్యసించిరి. అచ్చటి యూనియన్ సంఘము వాదప్రతివాదములకు పేరుమోసినది. పాలకజాతి బిడ్డలు మంత్రిపదవులకై నోరు సవరించుకొను వేదికయది. ఆ సంఘమునకు రెడ్డిగారు ఉపాధ్యక్షులుగా ఎన్నికయైరి. పరాధీనదేశమునుండి వచ్చిన యువకుడు, దొరల భాషలో, దొరల నడుమ, కారణబలముచేతనే మన్ననపొందుట ఆనాడు సామాన్యవిషయము కాదు. ఆయన పోయినది సొంతధనముతో కాదనియు మఱవరాదు. ప్రజలు కట్టిన పన్నులలోనుండి వచ్చిన వేతనమే ఆయనను సముద్రము దాటించినది. తీసికొన్నదానిని ఆయన ఎట్లు తీర్చిరో తరువాతి జీవితము చెప్పుచున్నది.

స్వదేశమునకు మఱలివచ్చి బరోడా కళాశాలలో కొంతకాలము పనిచేసి, పిమ్మట మైసూరు చేరి మహారాజా కళాశాలలో బోధకులై, అనంతరము ప్రిన్సిపాలైరి. 1916లో వెలసిన మైసూరు విశ్వవిద్యాలయమునకు రూపము నిర్ణయించిన ఆలోచనలలో ఆయన పాలు గలదు. 1918 మొదలు 1921 వఱకు ఆ సంస్థానపు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలుగా నుండిరి. అస్పృశ్యులని వెలివేయబడిన కులముల బిడ్డలకు ప్రభుత్వపాఠశాలల తలుపులు తెఱపించుటకు ఆయన పట్టుదలతో పాటుపడిరి. అగ్రవర్ణుల గొణుగుడును లెక్కచేయలేదు. అనాదియని చెప్పబడు ఆచారము నిజముగా ఏనాడు, ఎవరి మేలుకొఱకు పుట్టినదో విచారించి చూచుట చరిత్రవిద్యార్థికి అలవడిన గుణము. అట్లు చూచినవాడు దానికి వెఱవడు.

మైసూరులో నుండగనే, 1914లో, కవిత్వతత్త్వవిచారము వెలువడినది. పింగళి సూరన కావ్యములను, అందును కళాపూర్ణోదయమును విమర్శించుచు, కవిత్వమునకు ప్రాణమేదియని ఆయన ప్రశ్నించిరి. పూర్వులు మెచ్చిరి గనుక మెచ్చుట, పాశ్చాత్యులు మెచ్చలేదు గనుక తెగడుట — ఈ రెంటిని త్రోసి, కారణము చూపి గుణదోషములు నిర్ణయింపవలెనను పద్ధతిని తెలుగున నిలువబెట్టిరి. పండితలోకమున కలవరము పుట్టినది, ఖండనలు వచ్చినవి. ఆయన తీర్పులన్నియు నిలిచినవని మేమనము. తీర్పు చెప్పుటకు కారణము కావలెనను నియమము మాత్రము నిలిచినది. అర్థశాస్త్రమును గూర్చియు ఆయన తెలుగున గ్రంథము వ్రాసిరి. ఇంగ్లీషులో యూనియన్ సంఘమును మెప్పించినవాడు సంపదను గూర్చి, పన్నులను గూర్చి, వర్తకమును గూర్చి తెలుగువానికి తెలుగుననే చెప్పవలెనని పూనుకొనుట చూడుడు. ఆంధ్రప్రదేశమున డిగ్రీ చదువులన్నియు ఇంగ్లీషు మాధ్యమముననే నడపవలెనని 2021లో నిర్ణయము జరిగినది. ఇంగ్లీషు నేర్వవలసినదే. కాని నేర్చినదానిని ఇంటిభాషలో చెప్పలేనివాని విద్య సగము విద్యయే.

1921లో మైసూరు కొలువు వదలి ఆయన మద్రాసు రాజకీయములలో ప్రవేశించిరి. శాసనసభ్యులై, జస్టిస్ పక్షమున చేరి, దాని నాయకులతో విభేదించి వెలుపలికి వచ్చిరి. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగా వెలసినప్పుడు దానికి తొలి ఉపాధ్యక్షపదవి ఆయనను వరించినది. తెలుగుజిల్లాల బిడ్డలు మద్రాసు పట్టములకై ఎదురుచూడవలసిన స్థితి అంతటితో మాఱనారంభించెను. అప్పుడు నెల్లూరు జిల్లాలో చేరియుండిన పొదిలియు ఆ విశ్వవిద్యాలయపు పరిధిలోనిదే. తొలుత దానికి చెప్పుకొనదగిన భవనములు లేవు. కేంద్రమెచ్చట నుండవలెనను వివాదము చల్లారలేదు. తుదకు 1930 నాటికి వాల్తేరున స్థిరపడినది.

ఆ 1930వ సంవత్సరముననే ఉప్పు సత్యాగ్రహము దేశమును కదలించినది. ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా రెడ్డిగారు ఉపాధ్యక్షపదవికి రాజీనామా ఇచ్చిరి. తాను నాటిన మొక్క ఇంకను వేరూనకమునుపే తోటమాలి తోట విడుచుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. సంస్థ ముఖ్యమా, సత్యము ముఖ్యమా యని ప్రశ్న వచ్చినప్పుడు ఆయన తడబడలేదు. పదవి ఎట్లు నడపవలెనో నేర్పు విద్యలు పెక్కు గలవు. ఎప్పుడు విడువవలెనో నేర్పునది మానవధర్మములను విచారించు విద్యయే.

ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1931లో ఉపాధ్యక్షులైరి. ఆ సంవత్సరముననే వాల్తేరున ఆర్ట్సు కళాశాల ప్రారంభమైనది. పింగళి లక్ష్మీకాంతముగారు అచ్చట తెలుగు బోధించిరి. హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి వంగపండితులును ఆ కాలమున అచ్చట ఉపాధ్యాయులుగా నుండిరి. 1936లో రెడ్డిగారు మఱల ఉపాధ్యక్షులై 1949 వఱకు నడిపిరి. జయపురము మహారాజా విక్రమదేవవర్మగారి ఉదారదానములతో విజ్ఞానశాస్త్రశాఖలు బలపడినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున విశాఖపై బాంబులు పడగా విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరునకు తరలినది. ఆ కల్లోలములో సంస్థను చెదరకుండ కాచినది ఆయన నేర్పే.

ఆయనయందు లోపములు లేవని మేము చెప్పబోము. 1942లో, దేశమంతయు కారాగారముల పాలగుచున్న యేట, ఆయన సర్ బిరుదమును స్వీకరించిరి. 1930లో పదవిని తృణప్రాయముగా విడిచినవాని విషయమున ఇది మాకు రుచించు సంగతి కాదు. కాని ఆయనయే నేర్పిన పద్ధతిలో, గుణమును గుణమని, దోషమును దోషమని చూపుటయే ఆయనకు తగిన గౌరవము. అవివాహితులుగనే జీవితము గడిపి, 1951 ఫిబ్రవరి 24వ తేదీన ఆయన కన్నుమూసిరి.

ఇక పొదిలి సంగతికి వత్తము. రెడ్డిగారి కాలమున ఈ సీమబిడ్డ విశ్వవిద్యాలయమున చదువవలెనన్న వాల్తేరు పోవలసినదే. 1967లో ఆంధ్రవిశ్వవిద్యాలయమువారి స్నాతకోత్తర కేంద్రము గుంటూరునకు వచ్చినది. అదియే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైనది. 2022లో ఒంగోలున ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయము వెలసినది. దూరము తగ్గినది, ప్రజాధనముతో నడచు విద్య ఇంటిగుమ్మమునకు దగ్గఱగా వచ్చినది. అది దగ్గఱకు వచ్చుకొలది ఆర్ట్సు తరగతులలో బల్లలు ఖాళీయగుట ఎంత విపరీతము!

ఈ నేల చరిత్రలేని నేల కాదు. అద్దంకిలో పండరంగని శాసనము 9వ శతాబ్దముననే తెలుగుపద్యమును రాతిపై నిలిపినది. మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు 1244లో సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. మహాభారతమును పూర్తిచేసిన ఎఱ్ఱాప్రగడ అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవి. ఇవన్నియు పొదిలికి పొరుగూళ్ల సంగతులు. ఆ రాళ్లను చదువగల బిడ్డలు ఈ సీమనుండి రానిచో, మన కథ ఇతరులు చెప్పగా వినవలసివచ్చును. వారు తప్పు చెప్పినను దిద్దజాలము. చెఱువులెందుకు పూడినవి, నీరు ఎవరి పొలమునకు పోయినది, మిరప ధర నిర్ణయించునదెవరు — ఇవియు చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి విచారింపవలసిన ప్రశ్నలే. రైతుబిడ్డకు అక్కఱలేని చదువు ఇందులో ఏది?

కూటి మాట విడువరాదు. ఉపాధ్యాయవృత్తి, న్యాయవాదవృత్తి, పత్రికారచన, సర్కారు సర్వీసు పరీక్షలు — వీనికన్నింటికి చరిత్రయు, భాషయు, రాజ్యాంగజ్ఞానమును పునాదులు. అయినను పట్టము చేతబట్టుకొన్న మాత్రమున కొలువు పరుగెత్తివచ్చునని మేము మభ్యపెట్టము. శ్రద్ధతో చదివినవానికి దారులు గలవని మాత్రము చెప్పుదుము. ఇంజనీరింగు చదివిన ప్రతివానికిని కొలువు దొరకలేదన్న సంగతియు తల్లిదండ్రులెఱుగనిది కాదు.

కనుక యువకులారా, యువతులారా! ఆ కోర్సును మిగిలిపోయినదిగా కాక కోరుకొన్నదిగా పట్టిక మొదట నుంచుడు. టి.సి., కుల, ఆదాయ ధ్రువపత్రములు ముందుగనే సిద్ధపఱచుకొనుడు. గడువు తుదిదినమువఱకు ఆగకుడు. విద్యార్థివేతనము మీ హక్కని తెలిసికొనుడు. తల్లిదండ్రులారా! బిడ్డ మనసు ఎచ్చట నిలిచినదో ఒక్కసారి అడిగి చూడుడు. ఇక విశ్వవిద్యాలయములకును, వానిని నడపు ప్రభుత్వమునకును మా మాట యొక్కటే. బోధకుల ఉద్యోగములు ఏండ్లతరబడి పూరింపక, గ్రంథాలయములకు క్రొత్తపుస్తకములు కొనక, పిల్లలు చేరుటలేదని శాఖలను మూయుట న్యాయము కాదు. నీరు పెట్టని పైరు ఎండినదని నేలను నిందించు సేద్యగాడు మా మెట్టసీమలో లేడు.

చిత్తూరు పల్లెనుండి బయలుదేఱిన ఒక కర్షకబాలుడు చరిత్రను, సాహిత్యమును చదివి, ఒక జాతికి విశ్వవిద్యాలయమును నిర్మించెను. పొదిలి పల్లెలలో అట్టి బాలురును, బాలికలును లేరని ఎవరనగలరు? ఉన్నవారికి తలుపు తెఱచియుంచుట ప్రభుత్వము పని. ఆ తలుపు దాటుట వారి పని.