సర్జరీలో మార్కులు తగ్గిన సుబ్బారావు గారు

సావనీరుకు ఒక మహనీయుడి జీవితం రాసివ్వమని సంఘం మిత్రులు అడగ్గానే నాకు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. కారణం మన బడిలోనే ఉంది.

1971లో రేపల్లెలో మేం తొమ్మిదో తరగతి చదువుతుండగా నా బెంచీ మిత్రుడికి మోకాలి పైన వాపు వచ్చింది. మా బ్యాచ్ వాళ్లకు అతని పేరు చెప్పనక్కర్లేదు. కబడ్డీలో తగిలిన దెబ్బే అనుకుని ఇంట్లో నూనె రాసి మర్దన చేశారు, పసరు కట్లు కట్టించారు. రెండు నెలలయ్యాక తెనాలిలో ఎక్స్‌రే తీయిస్తే ఎముకలో గడ్డ అని తేలింది. గుంటూరులో తొడ దాకా కాలు తీసేశారు. పుండు చక్కగా మానింది. చంక కర్రలతో మళ్లీ బడికి కూడా వచ్చాడు. ఏడాది తిరక్కుండానే జబ్బు ఊపిరితిత్తుల్లో తేలి, చనిపోయాడు. ఆపరేషన్ బాగా జరిగిన పిల్లవాడు ఎందుకు పోయాడో మాకెవరికీ అర్థం కాలేదు.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బతకొచ్చని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక, గాంధీ గారి పిలుపు విని ఖద్దరు కోటుతో ఆపరేషన్ గదికి వెళ్లారు. సర్జరీ చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది కిట్టలేదు. మిగతా పేపర్లు బాగా రాసినా సర్జరీ దగ్గర ఆగిపోవడంతో ఎం.బి.బి.ఎస్. చేతికి రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో చనిపోవడం ఆయన మనసులో ఉండిపోయింది.

తర్వాత హార్వర్డులో చదవడానికి బోస్టన్ వెళ్లారు. ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. ఆయన వెళ్లాక ఇక్కడ పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. మళ్లీ స్వదేశానికి రాలేకపోయారు.

1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్పరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. బాపట్లలో ఒక కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతూ ఆ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని ఏళ్ల తరబడి పిల్లలతో చేయించాను. ఆయనకూ నా మిత్రుడి కాలికీ సంబంధం ఉందని అప్పట్లో నాకు తట్టలేదు.

1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరారు. 1945కల్లా ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. కణం రెండు కావాలంటే ఈ విటమిన్ కావాలి. దీని రూపంలోనే ఉండి దీని పనికి అడ్డుపడే మందులనూ వాళ్లే చేశారు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది కోలుకున్నారు. ఆ కోలుకోవడం తాత్కాలికమే అయినా, అంతకుముందు అదీ లేదు. 1948 జూన్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు.

ఆ మందుకు తోబుట్టువు మెథోట్రెక్సేట్. 1970ల తొలినాళ్లలో బోస్టన్ డాక్టర్లు దీన్ని ఎముక క్యాన్సర్ పిల్లలకు చాలా పెద్ద మోతాదులో ఇచ్చి, మరునాడు ఫోలిక్ ఆమ్లపు మరో రూపమైన ల్యూకోవొరిన్‌తో ఒంటిని కాపాడారు. కాలు తీసేనాటికే కంటికి కనపడని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కత్తి వాటిని అందుకోలేదు. ఆపరేషన్ ఒక్కటే ఉన్న రోజుల్లో అయిదుగురిలో నలుగురు దక్కేవారు కాదు. మందులు తోడయ్యాక, జబ్బు వేరేచోట కనపడనివారిలో ముగ్గురిలో ఇద్దరు బతుకుతున్నారు. నా మిత్రుడు ఎందుకు పోయాడో నాకు అప్పుడు తెలిసింది.

2012లో తెనాలిలో మా చెల్లెలి మనవడికి, పన్నెండేళ్లవాడికి, సరిగ్గా అక్కడే వాపు వచ్చింది. కట్టు కట్టిద్దామన్నారు. నేను పట్టుబట్టి ఎక్స్‌రే తీయించాను. ముందు మందులు, తర్వాత ఆపరేషన్, మళ్లీ మందులు. చెడిన ఎముక తీసి లోహపు కీలు వేశారు, కాలు నిలిచింది. ఆపరేషన్ అయ్యాక, నోరంతా పూసి పిల్లవాడు గంజి కూడా మింగలేకపోతుంటే, ఇక చాలు ఇంటికి పోదామని మా చెల్లెలు ఏడ్చింది. సీసాలోంచి దిగే ఆ పసుపు పచ్చని మందు ఎవరి చలవో ఆ రాత్రి ఆమెకు చెప్పాను. నా మిత్రుడి సంగతీ చెప్పాను. చికిత్స మానలేదు. వాడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. కొంచెం కుంటుతాడు, అంతే.

మన ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మోకాలి దగ్గర వాపు, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మర్దన చేయనీయకండి. ఎక్స్‌రే తీయించమని తల్లిదండ్రులకు చెప్పండి. ఆపరేషన్‌తో పని అయిపోయిందని వాళ్లు అనుకుంటే, సర్జరీలో మార్కులు తగ్గిన సుబ్బారావు గారి కథ చెప్పండి.